నిండని గుంట

6 జూలై 1986, ఆదివారం

సాజిదా మధ్యాహ్నం మాచర్ల బస్సు దిగింది. ఏడో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి వాళ్ల అత్తగారికి పంపక తప్పలేదు. నా కడగొట్టు పిల్ల. నాకు గడ్డం నెరిశాక పుట్టింది, అందుకే దాని విషయంలో నాకు కొంచెం బుద్ధి తక్కువ.

ఇంట్లో కాలు పెట్టకముందే బావి దగ్గరికి తీసుకుపోయి చేద వేశాను.

"అబ్బా, ముందు కూర్చోనీ," అంది.

"ముందు తాగు. ఆ మాచర్ల పంపు నీళ్లకు మొహం ఎట్టా పాలిపోయిందో చూడు."

తాగింది. రెండో గుక్కకు మొహం అదోలా పెట్టింది. బస్సులో తిప్పి ఉంటుంది.

ఈ బావి మా నాయన తవ్వించాడు. వీధి వీధంతా దీంట్లోనే తోడుకుంటుంది. కొంచెం సున్నపు నీరు, నా రంగుల పనికి ఇబ్బందే, కానీ నోటికి తీపి. రంగరేజుగా బతికినన్నాళ్లూ రంగుకు వాగునీళ్లు మోశాను, తాగడానికి మాత్రం ఈ నీళ్లే.

పక్కింటి ముర్తుజా కోడలు షాహిదాకు కామెర్లు. దానికీ కడుపే, ఆరో నెల. కారంపూడిలో పసరు పోయించి తెచ్చారు. వీధిలో ఇది మూడో మనిషి. నా అనుమానం నాకుంది. ఎవరి మీదో ఇక్కడ రాయను. ఈ పుస్తకం ఖాళీ రంగు డబ్బాలో దాస్తున్నాను. నా భార్య చాంద్ బీకి చదువు రాదు, అయినా దాని కళ్లను నమ్మలేను.

8 జూలై

సరే, రాస్తాను. బ్రహ్మయ్య.

13 జూలై, ఆదివారం

ఇవాళ పూడిక పండగ. ఇలాంటి పండగ మా వీధిలో తప్ప ఇంకెక్కడా ఉండదు.

నాలుగేళ్ల కింద మురికినీళ్ల స్కీము అని ఒక ఇంజనీరు వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చెడకుండా కూర్చునే మనిషి. వీధి చివర మూడు గదుల తొట్టి కట్టమన్నాడు. కొత్తగా కట్టిన మరుగుదొడ్ల నీళ్లు, అంట్లు తోమే జాలాటి నీళ్లు అన్నీ మొదటి గదిలో పడి మడ్డి కిందికి దిగాలి. రెండో గదిలో కంకర, బొగ్గు. మూడో గదిలో తేరిన నీళ్లు, అవి ఆకుకూర మళ్లకు. ఏడాదికోసారి మొదటి గదిలో మడ్డి తియ్యాలి. ఏ వేళప్పుడు ఎవరు తియ్యాలో కూడా చెప్పి పోయాడు.

తవ్వితే నాపరాయి తగిలింది. మా నేలంతా అంతే, పైన జానెడు మట్టి, కింద పలకలు పేర్చినట్టు రాయి. రాతిలో ఒక నెరియ ఉంది. అడుగున సిమెంటు మందంగా పొయ్యమన్నాడు ఇంజనీరు. రాయి మీద సిమెంటు ఎందుకు దండగ అనుకుంది వీధి. ఆ బస్తాలతో పీర్ల చావిడికి అరుగు కట్టుకున్నాం. ఎంత చల్లని అరుగు! సాయంత్రం నేను కూర్చునేది దాని మీదే. నా కథలన్నీ దాని మీదే.

గుంట వాడకంలోకి వచ్చాక వింత తెలిసింది. మొదటి గది నిండదు. ఎన్ని నీళ్లు పోసినా పొద్దుటికి ఖాళీ. రెండో గదిలో బొగ్గు ఇప్పటికీ పొడిగానే ఉంది. మడ్డి తీసే బాధ లేదు. పక్క ఊళ్ల నుంచి వచ్చి చూసి కుళ్లుకున్నారు. అప్పటి నుంచి ఏటా ఆ మడ్డి తియ్యాల్సిన రోజున బండ ఎత్తి చూడటం, ఖాళీగా ఉందని సంతోషించడం, అరుగు మీద పులావు వండుకోవడం. బండ ఎత్తేది ముర్తుజా. వాడికి నాపరాయి పని, వీపు గట్టిది.

ఇవాళా ఎత్తాడు. "ఏమీ లేదు భాయ్!" అని అరిచాడు. కోడలు మంచాన ఉన్నా అరిచాడు, పాపం, ఆనవాయితీ కదా. అందరూ చప్పట్లు.

పులావు గురించి ఒక్క మాట. బియ్యం నానబెట్టే నీళ్లలోనే దాని రుచంతా ఉంటుంది. మన బావి నీళ్లకు ఏ నీళ్లూ సాటి రావు.

సాజిదా సరిగ్గా తినలేదు.

15 జూలై

నర్సు ఎలిజబెత్ వచ్చింది. బావిలో తెల్లపొడి కలుపుతానంది. వద్దన్నాను. ఆ వాసనకు నీళ్లు ఆసుపత్రిలా అవుతాయి.

"కలపనీకపోతే కాచి తాగండి సాయిబు గారూ. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లను పెట్టుకొని మొండితనమేంది? కడుపుతో ఉన్నోళ్లకు కామెర్లు వస్తే మామూలుగా ఉండదు."

"కామెర్లు నీళ్ల వల్ల కాదమ్మా. మందుల వల్ల. బ్రహ్మయ్య పత్తికి కొట్టే మందులు."

"మీ దొడ్ల నీళ్లు ఎక్కడికి పోతయ్?"

"గుంటలోకి."

"గుంటలోంచి?"

"ఎక్కడికీ పోవు. మా గుంట నిండదు."

ఆ పిల్ల నా వంక చూసిన చూపు నాకు నచ్చలేదు. "నిండకపోతే ఎక్కడికో పోతున్నట్టే గదా," అంది.

ఆమె అద్దెకు ఉండేది బ్రహ్మయ్య ఇంట్లో. ఆ మాట ఆమెదో, ఇంటాయనదో!

22 జూలై

రెండు రోజులుగా వాన. బావి నీళ్లకు వాసన ఉందని సాజిదా అంటుంది. చాంద్ బీ కూడా అంటుంది. ఆడవాళ్లు ఇద్దరూ ఒకటైతే లేని వాసన కూడా వస్తుంది.

కొద్దిగా ఉంది.

బ్రహ్మయ్య పొలం మా వీధికి ఎగువన. అందులో రాయి తీసి వదిలేసిన గుంట, నిండా నీళ్లు. మందు డబ్బాలు అందులోనే కడుగుతాడు. నేను చూడలేదు. కానీ ఇంకెక్కడ కడుగుతాడు? కిందటి ఎలక్షన్లో మా వీధి ఓట్లు ఆయనకు పడలేదు. ఆ మర్నాడు కూడా నవ్వుతూ పలకరించాడు. అప్పుడే అనుకోవాల్సింది.

ఇరవై ఏళ్లుగా కోటప్పకొండ తిరునాళ్లకు ఆయన ప్రభకు కట్టే గుడ్డ నా చేతి రంగు. ఆయన నెత్తిన ఎర్ర తలపాగా నా చేతి రంగు. మనిషి రంగు మాత్రం నాకు ఇన్నాళ్లకు గాని తెలియలేదు.

ప్రతి పొద్దున సాజిదా కనురెప్ప కిందికి లాగి చూస్తున్నాను. తెలుపే.

25 జూలై, శుక్రవారం

షాహిదా బతికింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లాడు.

27 జూలై, ఆదివారం

ముర్తుజా రెండు రోజులుగా రాయి పనికి పోవడం లేదు. అరుగు మీద కూర్చొని నేల చూస్తాడు. నేను పక్కన కూర్చున్నాను. మొదటిసారి నాకు చెప్పడానికి ఏ కథా దొరకలేదు.

సాయంత్రం అటక మీద నుంచి గులాబీ రంగు డబ్బా దించాను. చాలా పాతది. గోరంత పొడి వేస్తే కాగు కాగంతా పెళ్లికూతురి ఓణీలా మెరుస్తుంది. ఇప్పుడు ఆ నాణ్యం లేదు. ఇప్పటి రంగులు మొదటి ఉతుక్కే మొహం చాటేస్తాయి. సరే, విషయం అది కాదు.

పెద్ద తప్పేలాలో చిక్కగా కలిపి, తుండు కప్పి, దీపాలు పెట్టే వేళకు బ్రహ్మయ్య గుంటలో పోసి వచ్చాను. ఆ నీళ్లు మా బావిలోకి వస్తున్నాయా లేదా, రంగే చెబుతుంది. రంగు నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

తప్పేలా జాలాట్లో పెట్టాను. చాంద్ బీ అడిగితే పాత గుడ్డకు రంగు వేశానన్నాను.

29 జూలై

దొరికాడు! బావిలో గులాబీ!

పొద్దున చేద పైకి వస్తే నీళ్లు లేత గులాబీ. పెద్దగా కేక వేశాను. వీధంతా వచ్చింది. అందరికీ చెప్పాను, ఏం చేశానో, ఎందుకు చేశానో. నా బతుకులో ఇంత బాగా ఏ కథా చెప్పలేదు, ఒక్క మనిషి కూడా మధ్యలో దగ్గలేదు.

ముర్తుజా గునపం తీసుకున్నాడు. అందరం బ్రహ్మయ్య పశువుల దొడ్లోకి పోయాం. ఆయన అప్పుడే ఎడ్లను కట్టేస్తున్నాడు. తెల్లటి ఒంగోలు ఎడ్లు పొట్టల దాకా గులాబీ రంగులో ఉన్నాయి. నన్ను చూసి నవ్వాడు.

"ఏంది మౌలాలీ మామా! నా ఎడ్లకు పెళ్లి చేస్తన్నావా? నీళ్లల్లో దించితే ఇట్టా వచ్చినయ్. ఈ చుట్టుపక్కల రంగు చేసేవాడివి నువ్వొక్కడివే గదా."

"నవ్వమాక," అన్నాడు ముర్తుజా. "నా మనవణ్ణి పొట్టన పెట్టుకున్నావ్. నీ గుంట నీళ్లు మా బావిలోకి వస్తన్నయ్. అందులో మందు డబ్బాలు కడుగుతన్నావ్."

బ్రహ్మయ్య నవ్వు ఆగిపోయింది. "ఒరేయ్ ముర్తుజా, నీ బాధ నాకు తెలుసు. కానీ ఆ గుంటలో నా ఎడ్లను కడుగుతన్నాను రా. మందు కలిపే చోట ఎడ్లను కడుగుతానా? మామా, నువ్వన్నా చెప్పు."

నేను చెప్పలేదు. ముర్తుజా గునపం వాడలేదు, అంతవరకు నయం. ఎదురు రొమ్ము మీద తోశాడు. బ్రహ్మయ్య తూలాడు. తలపాగా ఊడి పేడలో పడింది. ఎవరూ తియ్యలేదు. నేను దగ్గరే ఉన్నాను.

30 జూలై

ఇవాళంతా వీధిలో నాకు మర్యాదే. టీ కొట్టు దగ్గర లేచి చోటిచ్చారు. రంగుతో దొంగను పట్టడం మన తాతల నాడే ఉందని ఒక కథ చెప్పాను. లేదు, అది నేను అప్పటికప్పుడు అల్లింది.

సాయంత్రం చాంద్ బీ ఒక మాట అంది.

31 జూలై

చాంద్ బీ మాట: "ఏమయ్యో, ఆ గులాబీ తప్పేలా నేను సోమవారం జాలాట్లోనే కడిగాను. ఎంత కడిగినా రంగు పోలేదు. ఆ నీళ్లన్నీ మన గుంటలోకే గదా పోయింది?"

ఆడది. దానికి రంగుల పని ఏం తెలుసు.

2 ఆగస్టు

బ్రహ్మయ్య గుంట చూసి వచ్చాను. దూరం నుంచే. నీళ్లు ఇంకా చిక్కని గులాబీ. పోసిన రంగు పోసినట్టే ఉంది. అది ఎక్కడికీ పోలేదు.

ఇంటికి వచ్చి చాంద్ బీతో సాజిదాకు వేరే కుండ పెట్టమన్నాను. కాచి చల్లార్చిన నీళ్లే పొయ్యమన్నాను. గురజాల డాక్టరు చెప్పాడని చెప్పాను. నేను గురజాల పోలేదు.

"మరి మనకి?" అంది.

"మనం ముసలోళ్లం."

"వీధికి?"

డాక్టరు వీధి సంగతి చెప్పలేదన్నాను.

6 ఆగస్టు

సాజిదాకు కాచిన నీళ్లు. డాక్టరు చెప్పాడని. కళ్లు తెలుపే.

వీధికి చెప్పొచ్చు. కానీ ఏమని చెప్పాలి? నాలుగేళ్లుగా మన దొడ్ల నీళ్లు మనమే తాగుతున్నామనా? ఆ గుంట చూసి చప్పట్లు కొట్టామనా? ఇంకా పూర్తిగా తేలలేదు. ఒక తప్పేలా కడిగితే బావి రంగు మారుతుందా? రాతి కింద ఏముందో ఎవరు చూశారు. తొందరపడి మాట తూలడం పెద్దమనిషికి తగదు. మొన్న తూలాను కదా, ఒకసారి చాలు.

కిటికీలోంచి బావి కనిపిస్తుంది. నీళ్లు తోడేవాళ్లు తోడుతూనే ఉన్నారు. కిటికీ మూశాను. గాలి రాదని సాజిదా తెరిచింది.

8 ఆగస్టు, శుక్రవారం

షాహిదా లేచి తిరుగుతోంది. సాజిదాను చూడటానికి వచ్చింది. కళ్లు ఇంకా పసుపే. షాహిదా పుట్టిల్లూ ఈ ఊరే, ఇద్దరూ చిన్నప్పటి స్నేహితురాళ్లు, ఒకరి కడుపు వంక ఒకరు చూడకుండా మాట్లాడుకుంటున్నారు. నేను గుమ్మంలో కూర్చొని విననట్టు వింటున్నాను.

దాహమని షాహిదా వంటింట్లోకి పోయింది. పెద్ద కుండ దగ్గరికి పోయి, పక్కన చిన్న కుండ చూసి ఆగింది. మూత తీసి చూసింది. వేలు ముంచింది. నీళ్లు ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి.

"ఇది ఎవరికి చాచీ?"

చాంద్ బీ నా వంక చూసింది. సాజిదాకు పాపం ఏమీ తెలియదు కాబట్టి తనే చెప్పింది: "నాకే. శనివారం నుంచి అబ్బా కాచిన నీళ్లే తాగమంటున్నాడు."

షాహిదా వచ్చి నా ముందు నిలబడింది. పిల్ల గట్టిగా కూడా మాట్లాడలేదు.

"చాచా, బ్రహ్మయ్య గుంట వల్లే అయితే ఆ గొడవ తర్వాత ఆయన అందులో ఏమీ కడగడంలేదు గదా. మీరే గదా ఆపించింది. మరి ఈమెకు వేరే కుండ ఎందుకు?"

నేను డాక్టరు అన్నాను.

"ఏ డాక్టరు?"

నేను లేచి ఆ చిన్న కుండకు మూత పెట్టబోయాను.

"మీకు తెలుసు," అంది. "శనివారం నుంచి తెలుసు. మా ఇంట్లో పిల్లలు ఇప్పటికీ అవే నీళ్లు తాగుతున్నారు. మీ పిల్లకు మాత్రం కుండ పెట్టుకున్నారు."

పోయింది. నీళ్లు తాగకుండానే పోయింది. మా ఇంటికి వచ్చి నీళ్లు తాగకుండా పోయిన మనిషి ఇప్పటిదాకా లేదు.

10 ఆగస్టు, ఆదివారం

నిన్న నమాజు అయ్యాక అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. తప్పేలా సంగతి, వేరే కుండ సంగతి, అన్నీ. ఏ అలంకారమూ లేకుండా చెప్పాను. ఎవరూ నమ్మలేదు. బాగా చెప్పిన అబద్ధం నమ్మారు, బాగా చెప్పని నిజం నమ్మలేదు. బ్రహ్మయ్య ఏమన్నా ఇచ్చాడా అని ఒకడు అడిగాడు. అడిగినవాడిని తప్పు పట్టను, నేనైనా అదే అడిగేవాణ్ణి.

"మాటలు వద్దు భాయ్," అన్నాడు ముర్తుజా. "చూపించు."

ఆకుపచ్చ డబ్బా తెచ్చాను. అందరి ముందు ముర్తుజా బండ ఎత్తాడు, నేను గుంటలో పోశాను. పచ్చటి నీళ్లు కాసేపు నిలబడి సుడి తిరిగాయి. తర్వాత ఒక మూల నుంచి గుడుక్కుమన్న చప్పుడు. నాలుగేళ్లుగా ఆ చప్పుడు విని నవ్వుకున్నాం.

ఈ పొద్దున ముర్తుజాయే చేద వేశాడు. పైకి లాగి, నీళ్లు అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు.

పచ్చ.

గుంట మీది బండ ఎత్తి ఖాళీ అని నాలుగుసార్లు అరిచింది వాడే. చేద కింద పెట్టి చావిడి దగ్గరికి పోయాడు, గునపం తెచ్చి అరుగు మీద ఒక్క పోటు పొడిచాడు. పెచ్చు కూడా లేవలేదు. ఇంకోటి పొడిచాడు. రెండు చేతులూ అదిరాయి.

"మంచి సిమెంటు," అన్నాడు. అక్కడే చతికిలబడ్డాడు.

17 ఆగస్టు

రేడియోలో గోదావరి పొంగిందని, ఊళ్లు మునిగాయని చెబుతున్నారు. ఇక్కడ మేం ఎవరూ తోడకుండా బావికి ముళ్లకంప కొట్టాం. మా నాయన తవ్వించిన బావికి కంప నేనే కొట్టాను.

ఎలిజబెత్ ఇంజనీరును పట్టుకొచ్చింది. ఆయన ఇస్త్రీ చెడగొట్టుకొని గుంటలోకి దిగాడు. అడుగు తోమించి, నెరియ పూడ్పించి, సిమెంటు పోయిస్తున్నాడు. ఈసారి ఒక్క బస్తా కూడా దారి తప్పకుండా ముర్తుజా కాపలా కూర్చున్నాడు. అంతవరకూ మరుగుదొడ్లు వాడకూడదని కట్టడి. రాతి కింద ఆ నీళ్లు ఇంకా ఎటెటు పోయాయో, దిగువన ఏ ఊళ్ల బావుల్లో తేలాయో ఇంజనీరుకూ తెలియదట. అడిగితే అద్దాలు తుడుచుకున్నాడు.

సాయంత్రం బ్రహ్మయ్య ఇంటికి పోయాను. నెత్తిన తలపాగా లేదు. ఎడ్లు ఇంకా లేత గులాబీగానే ఉన్నాయి, నాణ్యమైన రంగు అన్నాను కదా.

"అల్లుడా, తలపాగా ఇయ్యి. మళ్లీ రంగేసి తెస్తా," అన్నాను. అంతకన్నా మంచి మాట కట్టుకొని పోయాను గాని దారిలో మర్చిపోయాను.

"ఏ నీళ్లతో ఏస్తావు మామా?"

ఆయనే లేచి బోరు మోటారు వేశాడు. "రేపటి నుంచి మీ వీధోళ్లు ఇక్కడికొచ్చి పట్టుకోండి. ముర్తుజాతో మాత్రం నేను ఇప్పుడే మాట్లాడను, అది వేరే సంగతి."

20 సెప్టెంబరు, శనివారం

సాజిదాకు తెల్లారి ఆడపిల్ల. ఎలిజబెత్ చేతుల మీదే పుట్టింది. ఏడుపు వినగానే నేను లోపలికి పోయి మొదట చూసింది పిల్లను కాదు, తల్లి కళ్లను. తెలుపు. తర్వాత పిల్ల కళ్లు. మూసుకొని ఉన్నాయి. ఎలిజబెత్ వద్దంటున్నా కాసేపు అక్కడే నిలబడ్డాను, తెరుస్తుందేమోనని.

గుంట మొదటి గది నిండింది. రెండో గదిలో బొగ్గు తడిసింది. వీధిలో అందరూ పోయి చూసి వచ్చారు. ఒక మురికి గుంట నిండినందుకు ఇంత నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటానని అనుకోలేదు. వచ్చే పూడిక రోజుకు ముర్తుజా, నేను మడ్డి తియ్యాలని ఒప్పుకున్నాం. పులావు లేదు.

పిల్లకు నీళ్లు పొయ్యాలి. చాంద్ బీ మంచం దిగలేని తల్లి దగ్గర ఉంది. నేనెవరినీ అడగలేదు, షాహిదాయే బ్రహ్మయ్య బోరు నుంచి బిందె చంకన పెట్టుకొని వచ్చింది. ఆ రోజు తర్వాత మా గడప తొక్కడం ఇదే. బిందె నా ముందే దించింది.

నేను వంగి వాసన చూశాను. ఏమీ లేదు. ఇంకోసారి చూశాను. తలెత్తితే షాహిదా నన్నే చూస్తోంది. కళ్లలో పసుపు పోయింది.

"చూడండి చాచా, బాగా చూడండి," అంది. "నేనూ అక్కడ రెండుసార్లు చూసే పట్టుకొచ్చాను."

ఇద్దరం కలిసి పొయ్యి మీదికెక్కించాం. బాగా తెర్లనిచ్చాం.